బల్ల మీదికొచ్చిన సముద్రం

బల్ల పరచడం కూడా ఒక పనేనా అని నన్ను చూసి నవ్విన వాళ్లు చాలామందే ఉన్నారు. నవ్వనీ, నాకేం. ఫోర్కు ఎడమ పక్కన, కత్తి కుడి పక్కన పెట్టడం ఒక్క పూటలో ఎవరైనా నేర్చుకుంటారు. కూర్చున్న మనిషి అడగకముందే అతనికి కావలసింది అతని చేతి కిందికి చేరాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కొత్తగా హోటళ్లలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికొచ్చి కూర్చుంటారు, "తాతా, మీ కాలంలో ఎట్లా ఉండేది?" అంటారు. వాళ్లకు నేను ముందుగా చెప్పేది కత్తుల సంగతి కాదు. కర్నూలులో, నడివేసవిలో, ఆరుబయట నేను పరిచిన సముద్రం సంగతి.

నాది నందికొట్కూరు వైపు పల్లె. ఇంటిల్లిపాదీ కూలికి పోయేవాళ్లం, ఆదివారం చర్చికి పోయేవాళ్లం. మిషను బంగళాలో దొరసాని దగ్గర బల్ల పని నేర్చుకున్నాను. ఆమె తన దేశం వెళ్లిపోతూ ఒక మంచి మాట చెప్పిపోవడంతో కర్నూలులో నీటిపారుదల ఇంజినీరుగారి బంగళాలో బట్లరుగా కుదిరాను. తెల్లవాళ్ల రాజ్యమే అయినా ఇంజినీరుగారు మన తెలుగాయన. మాట పొదుపు, కోపం దండిగా ఉన్న మనిషి. పనిలో మాత్రం వేలెత్తి చూపడానికి లేదు.

ఆయన భార్యది సముద్రపు ఒడ్డునున్న బందరు. పెళ్లయి కొత్తగా మా ఎండల్లోకి వచ్చింది. "ఇదేం ఊరయ్యా, చెమట కూడా పట్టనివ్వదు! పట్టేలోపే ఆరిపోతోంది," అనేది. సాయంత్రమైతే వరండాలో నిలబడి తూర్పు వైపు చూసేది. అటు నుంచి గాలి వస్తుందేమోనని ఆమె ఆశ. వచ్చేది దుమ్ము. అమ్మగారు బాగా చదువుకుంది, ఇంగ్లీషు గడగడా మాట్లాడేది, నవ్విందంటే వంటింట్లో మాకు వినిపించేది. ఆ వేసవిలో మాత్రం ఆ నవ్వు వినిపించడం తగ్గిపోయింది. చూస్తే నాకు జాలేసేది.

ఇక తోటమాలి. ఇతనిది కడప దారిలో లోపలికి ఉన్న ఒక మెట్ట ఊరు. వాళ్ల ఊరికి చెరువే ప్రాణం. ఒక ఏడు తుపాను వానకు ఆ చెరువు కట్ట తెగి, నీళ్లన్నీ రాత్రికి రాత్రే పోయాయి. దాని కింద ఉన్న మడులు బీడు పడ్డాయి, ఊళ్లో సగం మంది పొట్ట చేతపట్టుకుని పోయారు. ఇతను మాత్రం వెతుక్కుంటూ వచ్చి ఇంజినీరుగారి ఇంట్లోనే తోటపనికి చేరాడు. ఎందుకంటే చెరువుకు గండి పూడ్పించాలన్నా, ఇక పనికిరాదని వదిలేయాలన్నా ఇంజినీరుగారి మాట మీదే నడుస్తుందని అతనికి ఎవరో చెప్పారు. మొక్కలకు నీళ్లు పోస్తూ ఏదో ఒక రోజు ఆయన చెవిన ఒక మాట వేద్దామని అతని ఆశ.

వేశాడు కూడా. చేరిన వారానికే, ఆయన కారు దిగుతుండగా ఎదురుగా పోయి నిలబడి, "అయ్యా, మా చెరువు..." అన్నాడు. అంతే, ఇంజినీరుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఆఫీసు సంగతి ఆఫీసులో. నా ఇంట్లో చెరువు మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ పూటే బయటికి పంపిస్తాను. బట్లర్, దీనికి పూచీ నీది."

పూచీ నాది! అప్పట్నుంచి అతని నోటికి నేను కాపలా. అతను "అన్నా, ఆ చెరువు..." అని మొదలుపెట్టగానే నేను "ఏయ్!" అనేవాణ్ణి. పాపం, మింగేసేవాడు.

ఆ వేసవిలో మద్రాసు నుంచి పెద్ద ఇంజినీరు దొర వస్తున్నాడని తెలిసింది. దొర, దొరసాని ఇద్దరూ వస్తారు, మా బంగళాలోనే భోజనం. తెగిన చెరువుల్లో వేటిని బాగుచేయాలో, వేటిని వదిలేయాలో ఆయన ఈ రాకలోనే తేల్చేస్తాడట. మా తోటమాలి ఊరి చెరువును వదిలేయమని ఇంజినీరుగారు ముందే చెప్పేశారని ఆఫీసు జవాను మోసుకొచ్చాడు. ఆ మాట విన్న పూట తోటమాలి అన్నం ముట్టలేదు.

"దొర వచ్చిపోయినాడంటే మా ఊరు ముగిసినట్లే అన్నా. ఇంగ ఎవరూ తిరిగి రారు. నేను సచ్చేదాకా ఈడ క్రోటన్లకు నీళ్లు పోసుకుంటా ఉండల్ల," అన్నాడు. ఆ ఒక్క పూట నేను "ఏయ్" అనలేకపోయాను.

అమ్మగారికి ఈ గోలేమీ తెలియదు. ఆమెకు దొరగారి విందు దొరికింది, అంతే, మళ్లీ మనిషయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పత్రిక తెచ్చి నాకు బొమ్మ చూపించింది. సముద్రపు ఒడ్డున ఆరుబయట బల్ల వేసి ఉంది. నీలం గుడ్డ, మధ్యన పొడుగునా తెల్లటి ఇసుక, ఆ ఇసుకలో గవ్వలు, ఆల్చిప్పలు, బల్ల అంచున వేలాడుతున్న చేపల వల, ఇసుకలో నాటిన కొవ్వొత్తులు.

"ఇంట్లో కూర్చుంటే ఉడికిపోతారు. వేపచెట్టు కింద బల్ల వేద్దాం. బల్ల మీద సముద్రం పరిచేద్దాం! ఏమంటావ్?"

"ఇసుకంటే తుంగభద్ర నుంచి తెస్తానమ్మా. గవ్వలెట్లా?"

"మా అన్నయ్య రైల్లో పంపిస్తాడు. పెట్టెడు పంపమని రాశాను."

నేను రోజూ స్టేషనుకు పోవడం, పార్సెలు రాలేదనిపించుకుని రావడం. చివరికి దొర రేపు వస్తాడనగా కూడా పెట్టె రాలేదు. అమ్మగారు వరండాలో కుర్చీలో కూలబడింది. కళ్లల్లో నీళ్లు.

"సముద్రం లేని దేశంలో పడేశాడయ్యా నన్ను మా నాన్న! ఎవరైనా సరే, ఏ సముద్రం నుంచైనా సరే, నాలుగు గవ్వలు తెచ్చి పెట్టండయ్యా. కాళ్లు మొక్కుతాను."

మెట్ల కింద కుండీలకు నీళ్లు పోస్తున్న తోటమాలి చేతిలోని డబ్బా కింద పెట్టాడు.

"ఏ సముద్రమైనా పర్వా ల్యాదా అమ్మా?"

"ఏదైతే ఏంటయ్యా? సముద్రమైతే చాలు."

"అయితే తెస్తా," అని తువ్వాలు దులుపుకుని గేటు దాటి పోయాడు. ఏడుస్తున్న మనిషిని ఓదార్చడానికి ఏదో అన్నాడులే అనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుండగా ఒక ఎద్దుల బండి గేట్లోకి వచ్చింది. బండి మీద తోటమాలి, రెండు గోతాలు, ఒక పాత వల, చేపలు పట్టే వెదురు బుట్ట. అమ్మగారు చెప్పుల్లేకుండానే పరిగెత్తుకొచ్చింది. అతను ఒక గోతం బోర్లించాడు. నత్తగుల్లలు. ముక్కలైన మంచినీటి ఆల్చిప్పలు. ఎండిన జమ్ము. రెండో గోతంలో నెర్రెలిచ్చిన నల్లటి ఒండ్రుమట్టి పెళ్లలు.

"ఏవిటయ్యా ఇది?"

"సముద్రం తల్లీ," అన్నాడు.

నాకు ఒక్క క్షణంలో అర్థమై, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. పిల్లలూ, మీరు కోస్తా సర్కారు జిల్లాల వాళ్లయితే మీకు తెలియదు. మా వైపు వాననీళ్లు పట్టే పెద్ద చెరువును సముద్రం అంటారు. ఏ కాలంలోనో ఏ రాజో తవ్వించి, ముందు తన పేరో తల్లి పేరో పెట్టి, వెనక సముద్రం తగిలించి పోయాడు. జనం ముందు మాట వదిలేసి వెనక మాట పట్టుకున్నారు. సముద్రం నిండింది, సముద్రం కింద రెండెకరాలు ఉంది, సముద్రానికి పోయి బట్టలు ఉతుక్కొచ్చింది, ఇవన్నీ మాకు రోజూ వాడే మాటలు. ఉప్పునీళ్ల సముద్రాన్ని నేనూ బైబిల్లో చదివాను తప్ప అప్పటికి చూసినవాణ్ణి కాదు.

అమ్మగారికి విడమరిచి చెప్పేసరికి ఆమె ముఖం వాడిపోయింది. "చెరువు బురద తెచ్చాడా? దొరగారి విందుకు చెరువు బురదా?" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమప్పా, నీకు బుద్ధుండాదా? ఆ మాట ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పినా నీకు?"

"చెరువు మాట ఎత్తొద్దన్నారు. నేనెత్తల్యా. సముద్రమనే అన్నా. అమ్మ సముద్రమైతే చాలన్నె, తెచ్చినా. నాదేం తప్పు?"

అతని ముఖంలోకి చూశాను. పసిపిల్లాడి ముఖం. అతను అమాయకుడో, గడుసువాడో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు. ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు చెప్పాడు.

తిట్టుకుంటూ కూర్చుంటే పొద్దు ఆగదు. వంటాయన అప్పుడే చేపలకు మసాలా పట్టిస్తున్నాడు, ఇంజినీరుగారు వచ్చే వేళవుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఉన్నదాంతోనే పరుస్తాను. మీరు ఒక నీలం గుడ్డ ఇప్పించండి చాలు," అన్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. చేతిలో తన చీర, పుట్టింటివాళ్లు పెట్టిన నీలం చీర. "దీని మీద పులుసు పడిందో, చంపేస్తాను," అంది. ముక్కు ఎర్రగానే ఉంది గానీ గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. నాకు అది చాలు.

వేపచెట్టు కింద బేతంచెర్ల నాపరాళ్ల మీద నీళ్లు కుమ్మరించి చల్లబరిచాం. బల్ల వేసి, చీర పరిచి, గాలికి లేవకుండా అంచుల్లో గులకరాళ్లు కట్టాను. మధ్యన తుంగభద్ర ఇసుక పోసి చేత్తో అలలు అలలుగా దువ్వాను. నత్తగుల్లలను కడిగి తుడిస్తే తెల్లగా మెరిశాయి. ఆల్చిప్పల లోపల వైపు పైకి తిప్పి పెడితే ముత్యం మాదిరి నిగనిగలాడాయి. వలను బల్ల ముందు వైపు తోరణంలా కట్టాం, వెదురు బుట్టలో మామిడిపళ్లు పెట్టాం. కొవ్వొత్తులు మాత్రం ఇసుకలో నిలవడం లేదు, ఒరిగి పడుతున్నాయి. మట్టి పెళ్లలకు కత్తితో గుంటలు చేసి వాటిలో నాటాను. అమ్మగారు వచ్చి చుట్టూ తిరిగి చూసింది. ఒక నత్తగుల్లను ఇటు నుంచి తీసి అటు పెట్టింది. "దీపాలు వెలిగాక ఎవరు చూడొచ్చారులే," అంది. ఇంజినీరుగారు కూడా చూసి, "బాగుంది. బందరు పార్సెలు వచ్చిందన్నమాట," అన్నారు. అమ్మగారు గబగబా మామిడిపళ్ల బుట్ట సర్దసాగింది, నేను గ్లాసులు తుడవసాగాను.

దొర, దొరసాని దిగారు. ఎండకు కమిలిపోయి ఉన్నారు. బల్లను చూడగానే దొరసాని చేతులు చరిచింది. నిమ్మ షర్బతు తాగారు, చేపల వేపుడు తిన్నారు. అమ్మగారి నవ్వు చాన్నాళ్లకు వినిపించింది. నాకు కడుపు నిండిపోయింది. ఇక పళ్లు కోసి పెట్టేస్తే గండం గడిచినట్లే అనుకుంటున్నాను.

అంతలో దొర ఒక నత్తగుల్ల తీసి కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆయన మాటలు ఇంగ్లీషులోనే, కానీ బల్ల దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డవాడికి అంతపాటి ఇంగ్లీషు వస్తుంది.

"ఇది ఏ సముద్రంలోదమ్మా? మంచినీటి నత్తలా ఉందే."

ఇంజినీరుగారు అప్పుడు చూశారు, మొదట నత్తగుల్లను, తర్వాత మట్టి పెళ్లను, ఆ తర్వాత కుర్చీల వెనక నిలబడి తాటాకు పంకా విసురుతున్న తోటమాలిని. చూసి నా వైపు తిరిగారు. నా ఉద్యోగం ఆ చూపుతోనే పోయిందనుకున్నాను.

అమ్మగారు మొదట తడబడింది. తర్వాత నవ్వేసింది. "మా తోటమాలి ఊళ్లో ఒక సముద్రం ఉందండీ, అక్కణ్ణించి తెచ్చాడు," అని జరిగిన తమాషా అంతా చెప్పింది. దొరసాని పడీ పడీ నవ్వింది. దొర కూడా నవ్వి, తోటమాలి వైపు తిరిగి తనకొచ్చిన తెలుగులో అడిగాడు.

"నీ సముద్రం నీళ్లు ఉందా?"

తోటమాలి చేతిలో పంకా ఆగింది. నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"ఆ మాట ఎత్తొద్దన్నారు దొరా," అన్నాడు.

దొరకు అర్థం కాలేదు. ఏమంటున్నాడని ఇంజినీరుగారిని అడిగాడు. "ఏమీ లేదండీ. పల్లెటూరి మాటలు," అన్నారు ఇంజినీరుగారు.

అమ్మగారు చెంచా కింద పెట్టింది. నవ్వు పోయింది. భర్త ముఖంలోకి చూసింది, తోటమాలి ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లూ తనకు తెలియకుండా ఇంట్లో ఏదో నడిచిందని ఆమెకు అప్పుడే తట్టినట్లుంది.

"చెప్పవయ్యా. నువ్వు నాకు చెప్పు. నేను దొరగారికి చెప్తాను," అంది.

"లోపలికి పద," అన్నారు ఇంజినీరుగారు తెలుగులో, మెల్లగా.

"భోజనం మధ్యలో లేవకూడదండీ," అంది అమ్మగారు, ఆమె కూడా మెల్లగానే.

తోటమాలి పంకా చంకలో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. "కట్ట తెగింది తల్లీ. నీళ్లు పోయినాయి. ఆ యెంటే మనుషులు పోయినారు. మా అన్న సంసారం గుంతకల్లు కాడికి పాయ, మా అత్తోళ్లు యాడికి పోయినారో తెల్దు. కట్ట శానా గట్టిది తల్లీ, తెగింది ఒక్క తావునే. పూడిస్తే నిలబడతాది. దొర ఒక్కసారి వచ్చి సూసి, పనికిరాదంటే సరే. సూడకుండానే కొట్టేయొద్దని సెప్పు."

అమ్మగారు ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులోకి తిప్పింది. 'ఆ మాట ఎత్తొద్దన్నారు' అన్నది కూడా తిప్పింది. నాకు ఆ క్షణాన ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

దొర కొవ్వొత్తి పీకి పక్కన పెట్టి, ఆ మట్టి పెళ్లను రెండు చేతులతో విరిచాడు. పొడి చేసి వేళ్ల మధ్య నలిపాడు. నీలం చీర మీదంతా మట్టే. "ఇలాంటి ఒండ్రు పట్టే చెరువు కింద భూములెలా ఉంటాయో నాకు తెలుసు," అని ఇంజినీరుగారి వైపు తిరిగి, "మీరు అక్కడికి వెళ్లి చూశారా?" అన్నాడు.

ఇంజినీరుగారు అబద్ధం ఆడే మనిషి కాదు. "లేదండీ. కింది వాళ్లు చూసి చెప్పారు," అన్నారు.

"అయితే పొద్దున ఇద్దరం చూద్దాం," అని దొర మామిడిపండు అందుకున్నాడు.

తెల్లవారి కారులో పోయారు, తోటమాలిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని. ఆ ఎండలో దొర కట్ట పొడుగునా నడిచాడట. తిరిగొచ్చేసరికి ఆ చెరువును బాగుచేయించడానికి నిశ్చయమైపోయింది. ఇంజినీరుగారు నన్నేమీ అనలేదు గానీ చాలా రోజులు నాతో, అమ్మగారితో కూడా ముక్తసరిగానే ఉన్నారు. నేను ఆయన్ను తప్పుపట్టను. పని మొదలయ్యాక వారానికోసారి తనే స్వయంగా పోయి నిలబడి, గండిని గట్టిగా పూడ్పించారు. చేయననుకున్న పనిని అంత బాగా చేసిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. బందరు పెట్టె ఎప్పుడో తీరుబడిగా వచ్చింది. అమ్మగారు దాన్ని తెరవమని కూడా అనలేదు.

మొదటి ఏడు వానల్లేవు. కొత్త కట్ట వెనక ఎండిన గుంతను చూసి జనం నవ్వారు. రెండో ఏడు పడ్డాయి. తూము తీసే రోజున తోటమాలి వచ్చి అమ్మగారిని పిలుచుకుపోయాడు, నేనూ వెంట పోయాను. కట్టెక్కేసరికి ఎదురుగా నీళ్లే నీళ్లు. నీటి మీది నుంచి చల్లగాలి వచ్చి ముఖానికి కొట్టింది. అమ్మగారు నిండు చూలాలు, నిలబడలేక కట్ట మీదే చతికిలబడింది. తోటమాలి ఆ తర్వాత మా బంగళాకు పనికి రాలేదు. క్రోటన్లకు నీళ్లు పోసే పని నా నెత్తిన పడింది.

పురుటికి అమ్మగారు పుట్టింటికి పోతే సామాన్లతో నేనూ బందరు వెళ్లాను. ఆమె అన్నగారు నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి అసలు సముద్రం చూపించారు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. తిరిగొచ్చాక అది చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, నేరుగా తోటమాలి ఊరికి పోయాను. మోకాళ్లదాకా బురదలో, పార చేత్తో పట్టుకుని మడిలో ఉన్నాడు. వాళ్ల అన్న సంసారం అప్పటికి తిరిగొచ్చింది. వదిన, పిల్లలు పక్క మడిలో నాటు వేస్తున్నారు.

"ఎట్లుండాది అన్నా అమ్మోళ్ల ఊరి సముద్రం?"

"అంతు ల్యాదప్పా. కన్ను పోయినంత దూరం నీళ్లే."

"తూములెన్ని?"

"తూముల్యావు."

"మరి నీళ్లెట్ల ఇడుస్తారు?"

"ఇడిసేది ల్యాదు. అన్నీ ఉప్పునీళ్లు. నోట్లో పోసుకుంటే వాంతి అయితాది."

"ఒక్క మడన్నా పారదా?"

"పారదు."

హాస్యమాడుతున్నానేమోనని నా ముఖంలోకి చూశాడు. కాదని తెలిశాక గట్టు మీదికొచ్చి కూర్చున్నాడు. అతని ముఖం నిజంగానే చిన్నబోయింది.

"పాపం అమ్మ! అంత కష్టంలో పుట్టి పెరిగిందని మాతో ఒక్క మాటన్నా అనల్యా సూడన్నా," అన్నాడు. ఆ ఏడు పంట నూర్చగానే బందరుకు ఒక బస్తా కొత్త బియ్యం పంపించాడు.